పిల్లల ఊబకాయంపై కంపెనీతో కలిసి పనిచేయాలంటే: చెక్కు తీసుకోకముందే తేల్చుకోవాల్సినవి

మీ స్వచ్ఛంద సంస్థ కంపెనీతో కూర్చునే మొదటి సమావేశంలో అక్కడి సీఎస్‌ఆర్ (కంపెనీల సామాజిక బాధ్యత) అధికారి అడిగే ప్రశ్న దాదాపు ఒకటే: "ఏడాదిలో ఎంతమంది పిల్లలు బరువు తగ్గుతారు?" దీనికి అంకె చెప్పకండి. ఎదిగే పిల్లలు ఏటా ఎత్తూ బరువూ రెండూ పెరగాలి. 500 మంది చదివే బడిలో అధిక బరువున్న పిల్లలు 60 మంది ఉన్నారనుకుందాం. మరుసటి ఏడాది వాళ్లు 52 అయితే అది మీ పని వల్లనా, కొలతల్లో తేడా వల్లనా అన్నది తేల్చలేం. ఒక్కసారి అంకె ఒప్పుకుంటే, దాన్ని చేరడానికి సిబ్బంది పిల్లల తిండి తగ్గించమని చెప్పడం మొదలుపెడతారు. అదే తరగతిలో బరువు చాలని పిల్లలూ ఉంటారు, ఆ మాట వాళ్ల చెవినా పడుతుంది. అందుకే మార్పును హామీ ఇవ్వండి, బరువును కాదు: క్యాంటీన్‌లో ఏం అమ్ముడవుతోంది, వారంలో ఎన్ని ఆటల పీరియడ్లు నిజంగా జరిగాయి, తాగునీటి కుళాయిల్లో ఎన్ని పనిచేస్తున్నాయి.

కంపెనీల్లో ఎవరి దగ్గరికి వెళ్లాలన్నది రెండో నిర్ణయం. హైదరాబాద్‌లోని ఐటీ, మందుల కంపెనీలకు పిల్లల తిండి అమ్మే వ్యాపారం లేదు కాబట్టి వాళ్ల డబ్బుతో చిక్కు తక్కువ. పాల డెయిరీ, సూపర్‌మార్కెట్, క్యాంటీన్ కాంట్రాక్టు సంస్థ అయితే డబ్బు కన్నా విలువైనది ఇవ్వగలవు: తాము అమ్మే సరుకునే మార్చగలవు. ఫ్లేవర్డ్ పాలలో చక్కెర తగ్గించడం, బిల్లింగ్ కౌంటర్ దగ్గర పిల్లల కంటి ఎత్తున ఉన్న చాక్లెట్ల అరను తీసేయడం ఏ చెక్కుకూ తీసిపోవు. ఇక కూల్‌డ్రింకులు, చిప్స్ కంపెనీల దగ్గర బడి కార్యక్రమానికి డబ్బు తీసుకోవద్దని మా గట్టి అభిప్రాయం. వాళ్లతో మాట్లాడాల్సింది అమ్మకం గురించి మాత్రమే.

ఈ తేడా అమెరికాలో స్పష్టంగా కనబడింది. అమెరికన్ హార్ట్ అసోసియేషన్, క్లింటన్ ఫౌండేషన్ కలిసి పెట్టిన అలయన్స్ ఫర్ ఎ హెల్దియర్ జనరేషన్ 2006లో కోకా-కోలా, పెప్సికో, క్యాడ్‌బరీ ష్వెప్స్‌తో ఒప్పందం చేసుకుంది. మామూలు చక్కెర కూల్‌డ్రింకులను బడుల్లోంచి తీసేయాలన్నది అందులోని షరతు. 2004తో పోలిస్తే బడులకు వెళ్లే పానీయాల కేలరీలు 88 శాతం తగ్గాయని 2010 నివేదిక లెక్కగట్టింది. 2015 నాటి గ్లోబల్ ఎనర్జీ బ్యాలెన్స్ నెట్‌వర్క్ కథ వేరు. కోకా-కోలా డబ్బుతో నడిచిన ఆ శాస్త్రవేత్తల బృందం తిండి కన్నా వ్యాయామానికే పెద్దపీట వేసింది. సంగతి పత్రికలకెక్కాక కొలరాడో విశ్వవిద్యాలయం 10 లక్షల డాలర్లు వెనక్కిచ్చింది, బృందం అదే ఏడాది మూతపడింది. మొదటి ఒప్పందంలో కంపెనీ తన సరుకును మార్చుకుంది. రెండోదాంట్లో కంపెనీ డబ్బు సందేశంలోకి చొరబడింది.

లెక్క ఎవరు కడతారన్నదీ అంతే ముఖ్యం. అక్కడే 16 ఆహార కంపెనీలు 2015 నాటికి 1.5 లక్షల కోట్ల కేలరీలు తగ్గిస్తామని మాటిచ్చినప్పుడు, నార్త్ కరోలినా విశ్వవిద్యాలయం రాబర్ట్ వుడ్ జాన్సన్ ఫౌండేషన్ అనే ఆరోగ్య దాతృత్వ సంస్థ డబ్బుతో విడిగా లెక్క తీసింది. 2007తో పోలిస్తే 2012లో 6.4 లక్షల కోట్ల కేలరీలు తక్కువ అమ్ముడయ్యాయని తేలింది. అయితే ఆ తగ్గుదల కొంత ముందునుంచే సాగుతోందని కూడా పరిశోధకులే చెప్పారు. మీరూ కార్యక్రమానికి ముందు ఏడాది క్యాంటీన్ లెక్కలు తీసి పెట్టుకోండి.

కాగితాలు, క్యాలెండర్

సంస్థకు 12ఏ, 80జీ (ఆదాయపు పన్ను శాఖ నమోదులు), మూడేళ్ల అనుభవం, సీఎస్‌ఆర్-1 (సీఎస్‌ఆర్ డబ్బు తీసుకునే సంస్థలు కంపెనీ వ్యవహారాల శాఖకు ఇచ్చే ఫారం) నమోదు సంఖ్య ఉండాలి. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ కిందకు వచ్చే కంపెనీ గత మూడేళ్ల సగటు నికర లాభంలో 2 శాతం సీఎస్‌ఆర్‌కు ఖర్చు చేయాలి. పోషకాహార లోపం, ఆరోగ్యం, వ్యాధి నివారణ ఆ చట్టం ఏడో షెడ్యూల్‌లో, అంటే సీఎస్‌ఆర్ పనుల జాబితాలో ఉన్నాయి కాబట్టి మీ పని అందులో ఇముడుతుంది. పరిపాలన ఖర్చుకు 5 శాతం పరిమితి కంపెనీ సొంత సీఎస్‌ఆర్ నిర్వహణకే వర్తిస్తుంది. మీ ఫీల్డ్ సిబ్బంది జీతాలు ప్రాజెక్టు ఖర్చే. ఈ సంగతి తెలియక చాలామంది బడ్జెట్‌లో జీతాలను కోసుకుంటారు, ఆరో నెలకల్లా పనిచేసే మనిషి ఉండడు.

మన బడులు జూన్ రెండో వారంలో తెరుస్తారు. ప్రతిపాదన జనవరిలోనే కంపెనీ చేతికి చేరితే ఏప్రిల్-మే నాటికి మంజూరు అడగవచ్చు, జూలైలో తొలి కొలతలు పూర్తవుతాయి. మార్చి చివర్లో హడావుడిగా వచ్చే డబ్బుతో జాగ్రత్త. మీ ఖాతాలో వేసినంత మాత్రాన కంపెనీకి అది ఖర్చు కింద లెక్క కాదు, మీరు నిజంగా వాడాలి. అలాంటప్పుడు దాన్ని బహుళ సంవత్సరాల ప్రాజెక్టుగా ముందే రాయించుకోండి.

ఒప్పందంలో ఈ మాటలు తప్పక ఉండాలి. పిల్లలకు చెప్పే విషయాన్ని సంస్థే నిర్ణయిస్తుంది, దానికి కంపెనీ ఆమోదం అక్కర్లేదు. బడి ఆవరణలో, పుస్తకాల మీద, టీషర్టుల మీద కంపెనీ లోగో, సరుకు నమూనాలు ఉండవు. ఫలితాలు బాగున్నా బాగోకపోయినా ప్రచురిస్తాం. పిల్లల పేర్లు, కొలతలు, ఫొటోలు కంపెనీకి వెళ్లవు, మొత్తం అంకెలే వెళ్తాయి. లోగో కోసం పట్టుబడితే నిబంధన చూపండి: తమ సరుకుకు ప్రచారం కోసం చేసే స్పాన్సర్‌షిప్ సీఎస్‌ఆర్ కిందకు రాదు. వాళ్ల ఆడిటర్‌కే అది అర్థమవుతుంది.

క్యాంటీన్

అసలు పని ఇక్కడే. కొవ్వు, ఉప్పు, చక్కెర ఎక్కువున్న తిండిని బడి ఆవరణలోనూ, గేటు నుంచి ఏ దిక్కుకైనా 50 మీటర్లలోపునూ అమ్మకూడదు, ప్రచారం చేయకూడదు అని ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (దేశ ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ) 2020 నిబంధనలు చెబుతున్నాయి. నిబంధన ఉన్నా కర్రీ పఫ్ ఎందుకు పోదంటే, క్యాంటీన్ నడిపేవాడి లెక్క దానికే అనుకూలం. పఫ్ బేకరీ నుంచి తయారై వస్తుంది, చిప్స్ నెలలు నిలవుంటాయి. గుగ్గిళ్లు ఎండాకాలం మధ్యాహ్నానికే పులుస్తాయి. అద్దె ఎక్కువైన కొద్దీ అతను చిప్స్ వైపే జరుగుతాడు. కాబట్టి ముందు బడి యాజమాన్యంతో అద్దె తగ్గించడం గురించి మాట్లాడండి, ఆ లోటు మొదటి ఏడాది ప్రాజెక్టు నుంచి పూడ్చండి.

కూల్‌డ్రింకు కంపెనీ ఉచితంగా పెట్టిన ఫ్రిజ్ ఉంటే అందులో వాళ్ల సీసాలే పెట్టాలన్న షరతు ఉండొచ్చు. ప్రకటన బొమ్మల్లేని ఫ్రిజ్‌ను భాగస్వామి కంపెనీ కొనిస్తే మజ్జిగ, పళ్ల ముక్కలు, గుగ్గిళ్లకు చోటు దొరుకుతుంది. కొనే ముందే అది బడి ఆస్తి అని రాయించండి.

పరిమాణం అంచనా: కిలో శనగలు ఎనిమిది గంటలు నానబెట్టి ఉడికిస్తే రెండు కిలోల పైచిలుకు వస్తాయి, అంటే 100 గ్రాముల కప్పులు 20. మొదటి వారం పిల్లల్లో పదోవంతు మందికి సరిపడా మాత్రమే చేయించండి. మిగిలి పారబోస్తే క్యాంటీన్ అతను రెండో వారం మానేస్తాడు. ఉడికించిన పల్లీలు, జామకాయ, అరటిపండు, ఇడ్లీ, ఉడికిన గుడ్డు కలిపి రోజుకో రకం తిప్పండి. ఉప్పూకారం చల్లిన జామకాయకే గిరాకీ ఎక్కువ, ఉప్పు చిటికెడు దాటనివ్వకండి.

అన్నీ ఒక్కరోజే తీసేస్తే పిల్లలు గేటు బయటి కొట్టుకు పోతారు. ముందు కూల్‌డ్రింకులు తీయండి: 250 మిల్లీలీటర్ల కోలాలో దాదాపు 26 గ్రాముల చక్కెర ఉంటుంది, అంటే అయిదారు చెంచాలు. ఉన్న సరుకు అమ్ముకోవడానికి రెండు వారాలు ఇవ్వండి. తర్వాతి నెల చిప్స్, ఆపై పఫ్. బయటి కొట్టు అతన్నీ మొదటి సమావేశానికే పిలవండి, ఎందుకంటే 50 మీటర్ల నిబంధన తగిలేది అతనికే.

కొలతలు

బూట్లు విప్పించి, మడమలు గోడకు ఆనించి, చూపు నేరుగా ఉంచి ఎత్తును 0.1 సెంటీమీటరు వరకు, బరువును 100 గ్రాముల వరకు రాయండి. రెండుసార్లు కొలవండి, ఎత్తులో అర సెంటీమీటరుకు మించి తేడా వస్తే మూడోసారి. 5-19 ఏళ్లకు డబ్ల్యూహెచ్‌ఓ పట్టికలో వయసుకు తగ్గ బీఎంఐ (ఎత్తును బట్టి బరువును చూసే లెక్క) +1 ఎస్‌డీ (ప్రామాణిక విచలనం) దాటితే అధిక బరువు, +2 దాటితే ఊబకాయం. పెద్దవాళ్ల 25, 30 గీతలు పిల్లలకు వాడొద్దు. తల్లిదండ్రుల రాతపూర్వక అనుమతి తీసుకోండి, తెర వెనుక ఒక్కొక్కరినే కొలవండి, అంకెను గట్టిగా చదవొద్దు. వివరం మూసిన కవరులో ఇంటికి వెళ్లాలి. పేరూ బరువూ నోటీసు బోర్డుకెక్కితే మరుసటి ఏడాది ఆ పిల్లలు కొలతల రోజున బడికి రారు.

ఆటల విషయంలో కంపెనీ అడిగే ఒకరోజు మారథాన్ బదులు, పీఈటీ పీరియడ్‌ను లెక్కల టీచరుకు ఇవ్వబోమని హెచ్‌ఎం సంతకం తీసుకోండి. పిల్లలకు రోజుకు 60 నిమిషాల కదలిక కావాలి. మైదానం లేని బడిలో తాళ్లు, రింగులు, డాబా, వరండా సరిపోతాయి.