డీవీడీ బర్నర్ కొనేముందు క్యాబినెట్ ఒకసారి చూడండి

పాత పెళ్లి డీవీడీలు పాడవకముందే కాపీ తీసి పెట్టుకోవాలనుకునేవాళ్లకు ఒక మాట. బర్నర్ (డీవీడీల మీద రాసే డ్రైవ్) కొనేముందు మీ కంప్యూటర్ క్యాబినెట్ ముందువైపు డ్రైవ్ పట్టే 5.25 అంగుళాల చోటు ఉందో లేదో చూడండి. ఈమధ్య వచ్చే క్యాబినెట్లలో చాలావాటికి అది ఉండటం లేదు. ఉంటే సాటా కేబుల్‌తో (డ్రైవ్‌ను మదర్‌బోర్డుకి కలిపే కేబుల్) లోపల బిగించేదే తీసుకోండి. డీవీడీలను 24ఎక్స్ వేగం (డీవీడీ మూల వేగానికి 24 రెట్లు) దాకా రాసేవి దొరుకుతాయి. చోటు లేకపోతే, లేదా ల్యాప్‌టాప్‌కి కూడా వాడాలనుకుంటే యూఎస్‌బీది కొనండి. సన్నగా ఉండే ఈ రకం సాధారణంగా 8ఎక్స్ దగ్గరే ఆగుతుంది. ఇంటి పనికి అది చాలు.

అయితే దానికి కరెంటు కూడా ఆ యూఎస్‌బీ కేబుల్ నుంచే అందాలి. మొదట్లో నాకు సగం రాశాక ఆగిపోయి, డిస్కులు వరసగా పాడయ్యేవి. క్యాబినెట్ వెనక మదర్‌బోర్డుకే ఉన్న పోర్టులో పెట్టాక ఆ టెన్షన్ పోయింది. యూఎస్‌బీ హబ్‌కి (ఒక పోర్టును చాలా పోర్టులుగా చేసే పరికరం) మాత్రం తగిలించకండి.

మామూలు డిస్కులో 4.7 జీబీ పడుతుంది. మీ వీడియోలు అంతకంటే పెద్దవైతే, 8.5 జీబీ పట్టే డ్యూయల్ లేయర్ డిస్కులు రాస్తుందని బర్నర్ డబ్బా మీద ఉందేమో చూసుకోండి. రాసేటప్పుడు వెరిఫై (రాసింది సరిగ్గా పడిందో లేదో చూసేది) దగ్గర టిక్ పెట్టడం మర్చిపోవద్దు.