హెరాల్డ్ ఊగుతోందా, లాగుతోందా? అలైన్‌మెంట్ షాపుకు ఆఖర్న పోండి

హన్మకొండలో మా పాత కారు స్టాండర్డ్ హెరాల్డ్‌ను పెట్రోల్ బంకులో ఆపితే ఎవరో ఒక పెద్దమనిషి దగ్గరికి వస్తాడు. "మా మామకు ఉండె సార్ ఇది. మూల తిరిగితే భయమైతుండె" అంటాడు. ఆ భయం ఒట్టిది కాదు. అందులో కొంత బండికి పుట్టుకతో వచ్చింది, మిగిలింది మిస్త్రీలూ మనమూ కలిసి తెచ్చిపెట్టుకున్నది. ఏది ఏదో ఇంటి ముందర జాకీ వేసి తేల్చుకోవచ్చు.

బండి సంగతి ముందు రెండు ముక్కలు. ఇంగ్లండులో 1959లో వచ్చిన ట్రయంఫ్ హెరాల్డే మద్రాసులో స్టాండర్డ్ హెరాల్డ్ అయింది. 1962 నాటి స్పిట్‌ఫైర్ స్పోర్ట్స్ కారు కూడా ఇదే కుదురు మీద కట్టింది. ముందు విష్‌బోన్లు (చక్రాన్ని పట్టి ఉంచే V ఆకారపు చేతులు), వెనక అడ్డంగా పరిచిన కమాన్ కట్ట (పట్టీల స్ప్రింగు), స్వింగ్ యాక్సిల్ (లోపలి కొసన మాత్రమే మడిగే యాక్సిల్), అన్నీ రెండింటికీ ఒకటే తీరు. కింద రాసింది దాదాపు అంతా స్పిట్‌ఫైర్‌కూ పనికొస్తుంది.

స్టీరింగ్ బరువైంది, తిప్పి వదిలితే తిరిగి రావట్లేదు

ఈ బండిలో అన్నిటికన్నా ముందు పట్టించుకోవాల్సింది ఇదే. ర్యాక్ అండ్ పినియన్ స్టీరింగ్ (పళ్ల చక్రం తిరిగి ర్యాక్ అనే పళ్ల కడ్డీని పక్కకు జరిపేది) వేలితో తిరగాలి, మలుపు దాటాక తనంతట తాను నేరుగా రావాలి. రావట్లేదంటే ముందు టైర్లలో గాలి చూడండి. గాలి సరిగా ఉంటే అనుమానం ట్రనియన్ మీద.

ముందు చక్రాన్ని మోసే నిలువు లింకు కింది కొసకు మరలు ఉంటాయి. అది ఒక ఇత్తడి దిమ్మెలోకి బిగించి ఉంటుంది. ఆ దిమ్మే ట్రనియన్. స్టీరింగ్ తిప్పినప్పుడల్లా ఆ మర దిమ్మెలో తిరుగుతుంది. దానికి కావాల్సింది గ్రీజు కాదు, తొంభై నంబరు గేర్ ఆయిల్. మన దగ్గర నిప్పల్ (గ్రీజు ఎక్కించే చిన్న మొన) కనిపిస్తే గ్రీజు గన్ను పెట్టడం అలవాటు. మా బండికీ అదే జరిగింది. "దండిగ కొట్టిన సార్, రెండేండ్లు ఫికర్ లేదు" అన్నాడు గ్రీజు కొట్టిన షెడ్డు పిల్లగాడు. విప్పి చూస్తే గ్రీజు ఎండి గట్టిపడి మరల మధ్య బిగుసుకుపోయింది. దాని కింద వాననీళ్లు నిలిచి లింకు తుప్పు పట్టింది. తుప్పు పట్టిన చోటే లింకు విరుగుతుంది. విరిగితే చక్రం బండి కింద మడత పడుతుంది. నాకు అంత దాకా రాలేదు, అది అదృష్టం.

చక్రం నేల మీంచి లేపండి. ట్రనియన్‌కు ఉన్న ప్లగ్గు తీసి ఆ చోట నిప్పల్ బిగించి ఆయిల్ గన్నుతో పంపు చేయండి. స్టీరింగ్ ఆ కొస నుంచి ఈ కొసకు తిప్పుతూ ఉండండి. పైన రబ్బరు సీలు దగ్గర ఆయిల్ ఊరే దాకా కొట్టాలి. ముందు మురికి వస్తుంది, తర్వాత తేట ఆయిల్ వస్తుంది. నేను ఏటా వానలకు ముందు ఒకసారి, దసరా తర్వాత ఒకసారి చేస్తాను. ఎన్నిసార్లు కొట్టినా ఆయిల్ దిగకపోతే విప్పక తప్పదు. మర మీద గుంటలు కనిపిస్తే లింకు మార్చండి. లేత్ మీద సాఫు చేయించి మళ్లీ బిగించడం ఒప్పుకోకండి. ఎడమ వైపువి, కుడి వైపువి మరలు వేరు, ఒకదానిది ఇంకోదానికి పట్టదు.

అరవై దాటితే స్టీరింగ్ వణుకుతోంది

వీల్ బ్యాలెన్స్ ముందు చేయించండి, అది సులువు. వణుకు పోకపోతే చక్రం లేపి పైనా కిందా రెండు చేతులతో పట్టి ఊపండి. ప్లే (వదులు) తెలిస్తే ఇంట్లో ఎవరినైనా కూర్చోబెట్టి బ్రేకు తొక్కించి మళ్లీ ఊపండి. బ్రేకు తొక్కితే ప్లే పోయిందా, అది వీల్ బేరింగు. పోకపోతే ట్రనియన్ లేదా పైనున్న బాల్ జాయింటు. అటూ ఇటూ పట్టి ఊపితే కదిలేది టై రాడ్ ఎండ్ (స్టీరింగ్ కడ్డీ కొసన ఉండే కీలు) లేదా ర్యాక్.

ర్యాక్‌ను చాలామంది మరిచిపోతారు. అది ఛాసీకి రబ్బరు దిమ్మెల మీద కూర్చుంటుంది. ఇంజన్ నుంచి కారిన ఆయిల్ తాగి ఆ రబ్బరు మెత్తబడితే స్టీరింగ్ తిప్పినప్పుడు చక్రాల కంటే ముందు ర్యాకే పక్కకు జరుగుతుంది. బానెట్ ఎత్తి ఒకరు స్టీరింగ్ కదిలిస్తుంటే ఇంకొకరు చూస్తే చాలు, కళ్లకే కనిపిస్తుంది.

మూలమలుపులో వెనక భాగం తన్నుకొస్తోంది

పస్రా దాటి తాడ్వాయి అడవిలో వంపుల దగ్గర నాకు ఇది ఎదురైంది. మలుపులోకి కాస్త వేగంగా పోయాను, ఎదురుగా ఆవు కనిపించింది, కాలు యాక్సిలరేటర్ మీంచి తీశాను. వెనక ఎత్తుకుని పక్కకు దూకినట్టైంది.

ఇందులో పుట్టుక దోషం ఉంది. వెనక ప్రతి చక్రానికీ యాక్సిల్ లోపలి కొసన, డిఫరెన్షియల్ (వెనక చక్రాలకు ఇంజన్ శక్తి పంచే గేరు పెట్టె) పక్కన, ఒకే ఒక్క జాయింటు. చక్రం కిందికి దిగితే దాని అడుగు భాగం లోపలికి మడుచుకుంటుంది. మలుపు మధ్యలో కాలు తీస్తే బరువు ముందుకు పోతుంది, వెనక లేస్తుంది, బయటి చక్రం అలా మడుచుకుని పట్టు వదిలేస్తుంది. ట్రయంఫ్ వాళ్లే 1970లో స్పిట్‌ఫైర్ కమాన్ కట్టను మార్చి దీన్ని తగ్గించారు. మద్రాసు స్టాండర్డ్ వాళ్లైతే 1972లో తెచ్చిన గెజెల్ కారులో స్వింగ్ యాక్సిల్ తీసేసి మడవని మామూలు యాక్సిలే పెట్టారు.

పుట్టుక దోషానికి మందు నడపడంలోనే ఉంది. మలుపుకు ముందే బ్రేకు వేసుకోవాలి, లోపల కాలు తీయకుండా సన్నగా నొక్కి ఉంచాలి. కానీ మనం తెచ్చుకున్న దోషం వేరు. కట్ట కుంగిందని లారీల కమాన్ షాపుకు తీసుకుపోతే వాళ్లు లారీ లెక్కన ఎక్కువ వంపు కొట్టి ఇస్తారు. వెనక పైకి లేస్తుంది, చక్రాలు కిందికి మడుచుకుని నిలబడతాయి. చూడ్డానికి బలంగా ఉంటుంది, నడిపితే ప్రమాదం. ఖాళీ బండిలో వెనక చక్రాల పై అంచు కొద్దిగా లోపలికి వాలి ఉండాలి. ఎత్తు ఎక్కువైతే డిఫరెన్షియల్‌కూ కట్టకూ మధ్య ఒక దిమ్మె వేసి వెనక భాగాన్ని కిందికి దించొచ్చు. మరీ వాలిపోయి టైరు లోపలి అంచు అరుగుతుంటే మాత్రం కట్ట నిజంగానే కుంగింది.

వెనక చక్రాలు ముందుకూ వెనక్కూ జరగకుండా పట్టే రేడియస్ ఆర్మ్‌ల బుష్‌లూ (కీళ్ల తొడుగులు) చూడండి. అవి పోతే వెనక నుంచి ఎవరో రెండో స్టీరింగ్ తిప్పుతున్నట్టు ఉంటుంది. వెనక టైర్లలో గాలి ముందువాటి కంటే ఎక్కువ ఉండాలి. బంకులో పిల్లలు నాలుగింటికీ సమానంగా కొడతారు, దగ్గరుండి చెప్పండి.

ఒక పక్కకు లాగుతోంది

ముందు టైర్లు రెండూ అటు ఇటు మార్చండి. లాగే దిక్కు మారితే తప్పు టైరుది. మారకపోతే ఐదు కిలోమీటర్లు నడిపి డ్రమ్ములు చేత్తో చూడండి, ఒకటి మిగతావాటి కంటే కాలుతుంటే బ్రేకు పట్టేస్తోంది. రెండూ కాకపోతే కింది విష్‌బోన్ బ్రాకెట్ల వెనక ఉండే పలుచటి షిమ్ములు (సందు సరిచేసే రేకు బిళ్లలు) లెక్కపెట్టండి. ఎప్పుడో ఎవరో విప్పి, ఒకటో రెండో పడేసి బిగించి ఉంటారు.

చప్పుళ్లు

యాక్సిలరేటర్ నొక్కినా వదిలినా టక్కుమంటే యూనివర్సల్ జాయింటు (తిరిగే ఇరుసు మడిగే కీలు) లేదా డిఫరెన్షియల్ రబ్బర్లు. గుంతల్లో వెనక గలగలమంటే నిలువు లింకు కింద నైలాన్ బుష్‌లు, షాకబ్జార్బర్ రబ్బర్లు. గ్రానైటు లారీలు తిరిగే కరీంనగర్ రోడ్డు మీద ఇవి తొందరగా పోతాయి.

ఇవన్నీ అయ్యాకే అలైన్‌మెంట్, అంటే చక్రాల కోణాలు కొలిచి సరిచేయించడం. అరిగిన బుష్‌ల మీద చేసిన అలైన్‌మెంట్ మొదటి గుంత దాకానే నిలుస్తుంది. అక్కడ ఒక్క మాట మాత్రం పట్టుబట్టండి. జాకీ దించగానే కొలత పెట్టనివ్వొద్దు. స్వింగ్ యాక్సిల్ చక్రాలు ఇంకా లోపలికి మడుచుకునే ఉంటాయి. "తమ్మీ, బండిని జర ముందుకు వెనక్కి పది మీటర్లు తోసి చూడు" అనండి. వెనక దిగి కూర్చోవడం వాళ్లకూ కనిపిస్తుంది.