మన ఊరి మైదానం చరిత్ర రాయాలంటే

గోల్ఫ్ ఆడిన నేలైనా, క్లబ్బు వెనక క్రికెట్ గ్రౌండైనా, చరిత్ర రాయబోయేవాళ్లు ముందుగా పట్టుకోవాల్సింది సర్వే నంబరు. ఒకే స్థలాన్ని తాతలు ఒక పేరుతో, పిల్లలు ఇంకో పేరుతో పిలుస్తారు కాబట్టి పేరును నమ్ముకుంటే రెండు మైదానాల కథలు కలిసిపోతాయి. రీసర్వే అయిన ఊళ్లలో ఇప్పుడు ఎల్.పి. (ల్యాండ్ పార్సెల్) నంబరు ఉంటుంది. దాని పక్కనే పాత సర్వే నంబరు కూడా రాసుకోండి.

తర్వాత, ఆ ఊరు ఏ కాలంలో ఏ జిల్లాలో ఉండేదో తేల్చుకోండి. ఎక్కువమంది తప్పిపోయేది ఇక్కడే. ఒంగోలు తాలూకా 1904 దాకా నెల్లూరు జిల్లాలోది, ఆపైన గుంటూరుది. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడింది, 1972లో దానికి ప్రకాశం పేరు పెట్టారు. మార్కాపురం, గిద్దలూరు కర్నూలు నుంచి వచ్చాయి. కందుకూరు నెల్లూరు నుంచి ప్రకాశానికి వెళ్లి, 2022లో మళ్లీ నెల్లూరులో కలిసింది. 1930ల నాటి ఒంగోలు కాగితం కోసం నెల్లూరులో ఎంత వెతికినా లాభం లేదు.

రైతులు నేరుగా ప్రభుత్వానికే శిస్తు కట్టిన రైత్వారీ గ్రామమైతే ఆర్.ఎస్.ఆర్. (రీసెటిల్‌మెంట్ రిజిస్టర్) నకలు అడగండి. వెంకటగిరి సంస్థానం కింద ఉన్నట్టి ఎస్టేటు (జమీందారీ) గ్రామమైతే 1948 ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాత తయారైన భూమి రికార్డు, సెటిల్‌మెంట్ ఫెయిర్ అడంగల్ చూడాలి. పట్టాదారు గడిలో పేరుకు బదులు చుక్కలు కనిపిస్తే తొందరపడి ‘సర్కారు భూమి’ అని రాసేయకండి. అప్పట్లో హక్కుదారు ఎవరో తేలకపోయినా చుక్కలే పెట్టారు. మన జిల్లాల్లో చుక్కల భూముల తగాదాలన్నీ అక్కడినుంచి పుట్టినవే. పోరంబోకు అని ఉంటే ఏ రకం పోరంబోకో కూడా ఎక్కించండి. చెరువుదైతే వానాకాలం ఆట ఎందుకు ఆగేదో అందులోనే దొరకొచ్చు.

ఎఫ్.ఎం.బి. (సర్వే నంబరు కొలతల పుస్తకం) పాత పటం మీది అంకెలు అడుగులు కావు, లింకులు. పాత సర్వే గొలుసు 66 అడుగులు, అందులో 100 లింకులు. అంటే లింకు 7.92 అంగుళాలు. వెయ్యి చదరపు లింకులు ఒక సెంటు. 500 లింకుల పొడవు, 400 లింకుల వెడల్పు ఉన్న మైదానం సరిగ్గా 2 ఎకరాలు. అవే అంకెల్ని అడుగులనుకుంటే 4.59 ఎకరాలు వస్తుంది. అలా లెక్కగట్టి, రెండున్నర ఎకరాలకు పైగా నేల ఆక్రమణలో పోయిందని రాసేసే ప్రమాదముంది. కొత్త పటాల్లో మెట్రిక్ కొలతలుంటాయి కాబట్టి పటంలో ఏ కొలత వాడారో చూసి లెక్క మొదలుపెట్టండి.

క్లబ్బు రిజిస్ట్రేషన్ తేదీని మైదానం పుట్టిన తేదీగా వేయకండి. చాలాచోట్ల ఆట ముందు మొదలై, సంఘం తర్వాత రిజిస్టరైంది. బైలా నకలు జిల్లా రిజిస్ట్రారు దగ్గర అడగవచ్చు.

పెద్దవాళ్ల దగ్గరికి ఇవన్నీ చేతిలో పెట్టుకుని వెళ్లండి. ‘ఏ సంవత్సరం?’ అంటే జవాబు రాదు. ‘దివిసీమ ఉప్పెన నాటికి ఈ ప్రహరీ ఉందా?’ అంటే 1977కు ముందో వెనకో తేలిపోతుంది. గోల్ఫ్ నేలైతే గుంత చుట్టూ పచ్చిక ఉండేదా, నూనె కలిపి చదును చేసిన ఇసుక ఉండేదా అనీ అడగండి. నీళ్లు చాలని చోట్ల ఆ ఇసుకనే వాడేవారు, దాన్ని బ్రౌన్ అనేవారు. ఇద్దరు విడివిడిగా ఒకే మాట చెబితే దాన్ని రాయండి. ఒక్కరే చెబితే, ‘ఒకరు చెప్పిన ప్రకారం’ అని చేర్చండి.