పెద్ద పని, ఇంటి పని, నిద్ర, సరదా.. అన్నీ ఒకే వారంలో ఎలా పట్టించాలి

ముందుగా ఒకటి చెప్తా, రోజూ అన్నీ సమానంగా చెయ్యాలి అనే పట్టుదల వదిలేయండి. రోజు చాలా చిన్నది, అందులో పెద్ద పనీ (అంటే ఉద్యోగం కాకుండా మనం మనకోసం పెట్టుకున్న రాతో చదువో లాంటిది) గిన్నెలూ బట్టలూ వ్యాయామమూ సరదా అన్నీ కుక్కితే ఏదో ఒకటి జారిపోవడం ఖాయం, జారిపోయాక మన మీద మనకే చిరాకు. లెక్క వారానికి వేసుకోండి. వారానికి 168 గంటలు, నిద్రకి రోజుకి 8 చొప్పున 56 పోతే 112. ఉద్యోగం, రానూపోనూ ప్రయాణం కలిపి 50 అనుకుందాం, 62 మిగిలాయి. వంట, శుభ్రం, స్నానం, తిండికి రోజుకి 3 అంటే 21, ఇంకా 41 ఉన్నాయి. చంటిపిల్లలో పెద్దవాళ్ళో ఉన్న ఇంట్లో ఈ 41 బాగా తగ్గుతుంది, అది నేను కాదనను. కానీ మొదటిసారి ఈ లెక్క కాగితం మీద వేసినప్పుడు నాకు సంతోషం కంటే సిగ్గే ఎక్కువేసింది, ఇన్ని గంటలు ఎటు పోతున్నాయ్ రా బాబూ అని.

ఎటు పోతున్నాయంటే, తల బాగా పనిచేసే గంటలు చిల్లర పనులకి పోతున్నాయి, అలసిపోయిన గంటలు ఫోన్‌కి పోతున్నాయి. అంటే టైం ఎంత ఉందన్న దానికంటే ఏది ఎక్కడ పెట్టామన్నదే అసలు సంగతి.

ఒక వారం పాటు ఏ టైంలో మీ తల చురుగ్గా ఉంటోందో ఊరికే రాసుకోండి. కొందరికి తెల్లవారుజాము, కొందరికి రాత్రి తొమ్మిది తర్వాత, ఇందులో గొప్పా తక్కువా ఏం లేదు. ఆ గంటలు పెద్ద పనికే, ఇంక దేనికీ ఇవ్వొద్దు. 19వ శతాబ్దపు ఇంగ్లీషు నవలాకారుడు ఆంథొనీ ట్రోలప్ పోస్టాఫీసు ఉద్యోగం చేసుకుంటూనే పొద్దున 5:30 నుంచి 8:30 దాకా, గడియారం ఎదురుగా పెట్టుకుని 15 నిమిషాలకి 250 మాటల చొప్పున నవలలు రాసేవాడు. డార్విన్ కూడా గట్టిగా పనిచేసింది రోజుకి ఓ నాలుగు గంటలే, మిగతాదంతా నడక, ఉత్తరాలు, కాస్త నడుం వాల్చడం. అయితే ఇలాంటివి చెప్పేవాళ్ళు ఒక ముక్క మింగేస్తారు, ఇద్దరి ఇళ్ళలోనూ పనివాళ్ళున్నారు, ట్రోలప్ అయితే తనని నిద్రలేపడానికే ఒకతనికి ఏడాదికి 5 పౌండ్లు అదనంగా ఇచ్చేవాడు! మన గిన్నెలు మనమే తోముకోవాలి కాబట్టి మనకి రోజుకి గంటన్నర దొరికినా మంచిదే.

ఇంటి పని విషయంలో నేను రెండు వైపులా తప్పు చేశా. మొదట్లో "గది సర్దేసి ప్రశాంతంగా మొదలెడదాం" అనేవాణ్ణి, సర్దడం అయ్యేసరికి ఓపిక కూడా అయిపోయేది. తర్వాత విసిగిపోయి మూడు వారాలు ఇంటి పని పూర్తిగా మానేశా, చివరికి ఒక ముఖ్యమైన కాగితం కోసం ఒక పూటంతా ఇల్లు తిరగేయాల్సి వచ్చింది. ఇప్పుడు చేసేదేంటంటే, పెద్ద పనిలో తల వేడెక్కాక లేచి గిన్నెలు తోముతా, బట్టలు ఆరేస్తా. చేతులు పనిలో ఉంటే బుర్ర దానంతటదే చల్లబడుతుంది, ఒక్కోసారి అక్కడ ఆగిపోయిన ముడి ఇక్కడ సింక్ దగ్గర విడిపోతుంది కూడా. కాకపోతే లేచే ముందు రెండు లైన్లు రాసి లేవండి, ఎక్కడ ఆపాను, మళ్ళీ కూర్చోగానే ఏం చెయ్యాలి అని. ఒక పని సగంలో వదిలి ఇంకోదానికి వెళ్తే పాతది బుర్రలో వేలాడుతూనే ఉంటుందని సోఫీ లెరాయ్ అనే పరిశోధకురాలు 2009లో రాసింది, ఆ రెండు లైన్లు రాస్తే నాకైతే ఆ వేలాట చాలా తగ్గింది. ఇంట్లో ఇంకా మనుషులుంటే ఎవరు ఏది చెయ్యాలో నోరు తెరిచి మాట్లాడుకోండి, వాళ్ళకే అర్థమవుతుందిలే అనుకుంటే అర్థం కాదు.

ఇక నిద్ర. టైం చాలనప్పుడు అందరం అప్పు తెచ్చుకునేది ఇక్కడి నుంచే. పద్దెనిమిదేళ్ళు దాటినవాళ్ళకి కనీసం 7 గంటలు కావాలి, దానికింద పడితే మర్నాటి మంచి గంటలే పాడవుతాయి, అంటే దాచుకున్నదేం లేదు. కాఫీలో కెఫీన్ సగం తగ్గడానికే దాదాపు 5 గంటలు పడుతుంది కాబట్టి సాయంత్రం కప్పు మానేసినా మేలే. మధ్యాహ్నం కునుకు 20 నిమిషాల్లో లేచిపోండి, గంట దాటిందంటే లేచాక ఇంకా మత్తుగా ఉంటుంది.

సరదా వేరు, విశ్రాంతి వేరు. మంచం మీద పడి ఫోన్ జరుపుతూ ఉండడం రెండూ కాదు అని నా అనుమానం, గంట పోయాక లేచిచూస్తే అలసట అక్కడే ఉంటుంది. రోజంతా కుర్చీలో ఉండేవాళ్ళు కాళ్ళకి పనుండే సరదా, రోజంతా మనుషులతో ఉండేవాళ్ళు ఒంటరిగా చేసుకునే సరదా పెట్టుకుంటే బాగా పనికొస్తుంది. దానికి టార్గెట్లు మాత్రం పెట్టొద్దు, అదీ ఇంకో ఉద్యోగం అయిపోతుంది.

జ్వరం వచ్చిన వారం, ఆఫీసు పని నెత్తి మీద కూర్చున్న వారం ఉంటాయి కదా, అప్పుడు పెద్ద పనిని రోజుకి 20 నిమిషాలకి దించేయండి, పూర్తిగా ఆపితే మళ్ళీ అందుకోవడం కష్టం. నిద్ర ముట్టుకోవద్దు. ఉతికిన బట్టలు మడత పెట్టకుండా కుర్చీ మీద గుట్టగా ఉన్నా పర్లేదు, ఉతకనివి వాటిలో కలవకుండా చూసుకుంటే చాలు.