వాన దిగే డెక్కు: వేట నిషేధంలో సందులు నింపేవారికి జాగ్రత్తలు

తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు ఉండే 61 రోజుల వేట నిషేధంలోనే చెక్క బోట్ల మరమ్మతులు ఎక్కువగా జరుగుతాయి. ఈ మధ్య కాకినాడలో ఒడ్డుకు లాగిన ఒక బోటు డెక్కు పలకలు ఊడదీయగా, పైకి గట్టిగా కనిపించిన ఆ పలకల కింద దూలాలు గోటితో గీకితే రాలిపోయేంతగా పుచ్చిపోయి ఉన్నాయి. వాటిని పాడుచేసింది సముద్రపు నీరు కాదు, డెక్కు పలకల మధ్య సందుల్లోంచి దిగిన వాన నీరు. ఆ సందుల్లో నింపినది స్నానాల గదికి వాడే సిలికాన్.

ఆ సిలికాన్ ప్రతి హార్డ్‌వేర్ దుకాణంలోనూ చవకగా దొరుకుతుంది. కొన్నాళ్లు బాగానే నిలిచి, పలకలు ఎండకు ముడుచుకుని వానకు ఉబ్బడం మొదలయ్యాక అంచులు వదిలేస్తుంది. అంతకంటే పెద్ద నష్టం తరువాత తెలుస్తుంది. దాన్ని గీకేసినా కంటికి కనబడని పొర చెక్కలో మిగిలిపోతుంది కాబట్టి, కొత్త చెక్క కనిపించేదాకా సందు అంచులను కోస్తే తప్ప దానిపై మరే సీలెంటూ (సందు నింపే జిగురు పదార్థం), రంగూ సరిగా అంటుకోదు. అందువల్ల డెక్కు కోసమే తయారైన పాలీసల్ఫైడ్ సీలెంట్‌ను గానీ పాలీయురేథేన్ సీలెంట్‌ను గానీ ఎంచుకోవాలి. పాత గుగ్గిలం, నూనె ఉన్న సందులను కూడా శుభ్రమైన చెక్క కనిపించేదాకా గీకవలసిందే.

టేకులో సహజంగానే నూనె ఉంటుంది గనుక అంచులను అసిటోన్‌తో తుడిచి, అది ఆరిన తరువాత సీలెంట్ తయారీదారు చెప్పిన ప్రైమర్ (సీలెంట్ పట్టుకునేందుకు ముందు వేసే పూత) పూయాలి. సీలెంట్ రెండు పక్క గోడలకే అంటుకోవాలి; అడుగుకు కూడా అంటుకుంటే పలక కదిలినప్పుడు సాగలేక చిరిగిపోతుంది. దూది దట్టించని సందుల్లో ముందుగా అడుగున సీలెంట్ అంటని టేపు వేయాలి.

తడి చెక్కపై పని మొదలుపెట్టవద్దు. మిట్టమధ్యాహ్నపు ఎండలో నింపవద్దు. రెండు భాగాల సీలెంట్‌ను కొలత ప్రకారమే కలపాలి. త్వరగా గట్టిపడుతుందని గట్టిపరిచే భాగాన్ని పెంచవద్దు. గాలి బుడగలు మిగలకుండా అడుగు నుంచి పైకి నింపాలి. అసిటోన్ వాడే చోట బీడీ, వెల్డింగ్ రెండూ ఆపాలి. పూర్తిగా గట్టిపడేవరకు డెక్కుపై వలలు పెట్టవద్దు, నడవవద్దు. బోటును దించే ముందు డెక్కుపై బకెట్లతో నీళ్లు పోయించి, కింద ఒక మనిషిని టార్చితో నిలబెట్టాలి. కారిన సందును పూర్తిగా తీసి మళ్లీ నింపాలి. పైన సిలికాన్ పూయవద్దు.