ఆస్టర్‌లిట్జ్ యుద్ధాన్ని టేబుల్ మీద ఆడాలంటే పొగమంచుతో మొదలుపెట్టండి

నేటి చెక్ దేశంలో, 1805 డిసెంబర్ 2న నెపోలియన్ కావాలనే తన కుడివైపు బలహీనంగా ఉన్నట్టు చూపించాడు. గుట్ట మీదున్న రష్యా, ఆస్ట్రియా సైన్యాలు అటు దిగగానే ఖాళీ అయిన ప్రాట్జెన్ గుట్టని లాక్కున్నాడు. బొమ్మ సైనికులతో ఆడేటప్పుడు చిక్కంతా ఇక్కడే, ఎందుకంటే రష్యా, ఆస్ట్రియా తరఫున ఆడేవాళ్లకి ఈ కథ ముందే తెలుసు, వాళ్లు గుట్ట దిగరు.

ముందు సైజు తేల్చుకోండి. ఉత్తరాన సాంటన్ గుట్ట నుంచి దక్షిణాన టెల్నిట్జ్ ఊరి దాకా దాదాపు 10 కిలోమీటర్లు, దాన్ని ఆరడుగుల టేబుల్ మీద పరిస్తే సెంటీమీటరుకి సుమారు 55 మీటర్లు వస్తుంది. 28 ఎంఎం ఎత్తు బొమ్మలు ఎంత అందంగా ఉన్నా ఇందులో పట్టవు. 6 ఎంఎంవి తీసుకుని ఒక్కో బేస్‌ని (బొమ్మలు అతికించే చిన్న పలక) ఒక బ్రిగేడ్ (కొన్ని వేల మంది దళం) అనుకోండి. ఫ్రెంచివాళ్లకి ముదురు నీలం, రష్యన్లకి ముదురు ఆకుపచ్చ, ఆస్ట్రియన్లకి తెలుపు వేస్తే చాలు. థర్మోకోల్‌తో గుట్ట చేసేటప్పుడు వాలు మెల్లగా ఉండాలి, గోల్డ్‌బాఖ్ వాగు, దాని ఒడ్డున సోకోల్నిట్జ్, టెల్నిట్జ్ మాత్రం తప్పనిసరి.

ఇక అసలు పని. అంపైర్ లేకుండా ఈ యుద్ధం ఆడకండి. ఒక టర్న్ అంటే యుద్ధంలో అరగంట, ఆ లెక్కన ఉదయం 7కి మొదలు. మొదటి నాలుగు టర్న్‌లు వాగు లోయంతా పొగమంచు, గుట్ట మీద కాదు. అంటే పైన కదిలేవాళ్లు నెపోలియన్‌కి కనిపిస్తారు, కింద ఉన్న ఫ్రెంచ్ మార్షల్ సూల్ట్ దళాలు మాత్రం అంపైర్ మ్యాపులోనే ఉంటాయి. అవి మధ్యలో ఉన్నాయా, ఉత్తరానా, దక్షిణానా అన్నది ఆటకి ముందు ఫ్రెంచ్ ఆటగాడు మూడు చీటీల్లో ఒకటి తీసి, అంపైర్‌కి మాత్రమే చూపించాలి. అప్పుడు చరిత్ర చదివినా లాభం లేదు! రష్యా, ఆస్ట్రియా వాళ్లు గుట్ట మీదే కూర్చుంటే గెలుపు ఇవ్వకండి, ఫ్రెంచివాళ్ల వియన్నా రోడ్డు తెగ్గొడితేనే గెలిచినట్టు, ఎందుకంటే ఆస్ట్రియా సైన్యాధికారి వైరోటర్ గీసిన అసలు ప్లాన్ కూడా అదే. ఆర్డర్లు కాగితం మీద రాయించండి, మార్చాలంటే రెండు టర్న్‌లు ఆగాలి.

వియన్నా వైపు నుంచి రెండు రోజుల్లో వంద కిలోమీటర్లకు పైగా నడిచొచ్చిన ఫ్రెంచ్ మార్షల్ దావూ దళం ఎప్పుడు చేరుతుందో డైస్ వేసి తేల్చండి. ఫ్రెంచ్ ఆటగాడికి నిజమైన టెన్షన్ అప్పుడే: చీటీలో మధ్య భాగం వచ్చి, సూల్ట్‌ని తొందరపడి పంపితే శత్రువు వెనక్కి తిరిగి గుట్ట ఎక్కేస్తాడు, ఆలస్యం చేస్తే సోకోల్నిట్జ్ దగ్గర కుడివైపు కూలిపోతుంది.