లేత్‌కు చవక కలప ఇలా దొరికింది

లేత్ (కలపను గిర్రున తిప్పుతుంటే ఉలితో చెక్కే యంత్రం) మీద చెక్క గిన్నెలు చేయడానికి కొత్త టేకు కొనడం నా జేబుకు భారం. కోనసీమలో పెంకుటిళ్లు పడగొట్టే చోట మేస్త్రీలను అడగడం మొదలుపెట్టాక ఆ చిక్కు తీరింది. మంచి గుమ్మాలు, దూలాలు పాత కలప వ్యాపారులు ముందే ఎగరేసుకుపోతారు. విరిగిన వాసాల ముక్కలు వంటచెరకు ధరకే వస్తాయి. తాటి దూలం మాత్రం వద్దు, దాని నార పేళ్లుగా లేచి ఉలి పదును తినేస్తుంది.

అసలు శత్రువు మేకు. తల విరిగి లోపలే ఉండిపోతుంది. తుప్పుకు చుట్టూ టేకు నల్లబడుతుంది కాబట్టి, ఆ మచ్చల మీద అయస్కాంతం ఆడించి, మేకు లాగాకే లేత్‌కు ఎక్కిస్తాను. చివర పగుళ్లున్నంత మేర కోసేస్తాను. చెదలు తొలిచినది ఉచితంగా ఇచ్చినా తేను. రంగు పూసినవీ అంతే: పాత రంగు ధూళిలో సీసం ఉండవచ్చు.